ఇద్దరికి సరిపడే గాలి

కాలువ గట్ల పరిరక్షణ విభాగానికి మోటారు సైకిళ్లు వచ్చిన రోజున అన్నిటికంటే ముందు జరిగిన పని వాటి మీద శాఖ పేరు రాయించడం. కొబ్బరికాయ కొట్టడం కూడా ఆ తరవాతే. రాయకపోతే ఎవరో ఎత్తుకుపోతారని కాదు, రాయకపోతే తనిఖీకి వచ్చిన పెద్దలకు చదవడానికి ఏమీ ఉండదని. పెయింటరు బండి చుట్టూ తిరిగి చూశాడు. ట్యాంకేమో వంకర, పక్క డబ్బాలేమో చిన్నవి. చైను కవరు మాత్రం చదునుగా, పొడుగ్గా, శాఖ పేరు కోసమే పుట్టినట్టు కనిపించింది. దాని మీద ఏదో పసుపుపచ్చ చీటీ అంటించి ఉంటే, చీటీతో సహా తెల్ల రంగు పట్టించి, ఆపైన ఎర్రటి అక్షరాలతో 'కా.గ.ప.వి.' అని రాసేశాడు. అన్ని బండ్లకూ అలాగే రాశాడు. పని శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ పసుపు చీటీ మీద ఉన్నది టైర్లలో ఎంత గాలి ఉండాలన్న వివరం. ముందు ఎంత, వెనక ఎంత, ఒక్కరెక్కితే ఎంత, ఇద్దరెక్కితే ఎంత అని కంపెనీవాడు పూసగుచ్చినట్టు రాసిచ్చాడు.

మామూలు మనుషులకైతే దీనివల్ల మునిగిపోయేదేమీ లేదు. పెట్రోలు బంకులో గాలి పట్టేవాడిని అడిగితే చెబుతాడు. విభాగంలో గట్ల మీద గస్తీ తిరిగేవాళ్లందరికీ ఆ అంకెలు తెలుసు కూడా. కాని తెలియడం వేరు, అధికారికంగా తెలియడం వేరు. అధికారికంగా తెలుసుకునే భారం డివిజనల్ అధికారి ముక్తేశ్వర ప్రసాదు గారి మీద పడింది.

ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, టైరును ఒక పుస్తకంలాగ మొదటినుంచీ చదువుకుంటూ వచ్చారు. ఒకచోట చిన్న అక్షరాలతో, గరిష్ఠ పీడనం నలభై ఒకటి అని ఇంగ్లీషులో అచ్చుపోసి ఉంది. దానికి మించి పడితే మా పూచీ లేదని కంపెనీవాడు చేసుకున్న హెచ్చరిక అది.

"గరిష్ఠం!" అన్నారాయన లేచి ప్యాంటు దులుపుకుంటూ. "కంపెనీవాడే గరిష్ఠంగా ఇంత ఇవ్వొచ్చని అనుమతించాక, మనం అంతకన్నా తక్కువ ఇవ్వడమంటే ప్రభుత్వ వాహనాన్ని చిన్నచూపు చూడటమే. ఈ డివిజన్‌లో ఏదీ అరకొరగా ఉండటానికి వీల్లేదు."

మర్నాటికల్లా 'సంపూర్ణ వాయు విధానం' అనే పేరుతో సర్క్యులరు వచ్చేసింది. రోజూ పొద్దున్నే సూపరింటెండెంటు హైమవతి గారు గేజి పట్టుకుని ప్రతి టైరునూ పరీక్షించాలి. నలభై ఒకటికి ఒక్క పాయింటు తగ్గినా అది గాలి దుర్వినియోగం కింద లెక్క.

టైర్లు బండరాళ్లలాగ అయ్యాయి. కంకర పరిచిన గట్టు మీద బండి ఎక్కితే ఎముకలన్నీ ఎక్కడివక్కడ పలకరించేవి. గస్తీదార్లలో పెద్దవాడు పోలయ్యకు కట్టుడు పళ్లున్నాయి. అతను వాటిని తీసి జేబులో వేసుకుంటేగాని బండి స్టార్టు చేసేవాడు కాదు.

గస్తీదార్లలో వీరరాఘవులు అని మరొకడు ఉన్నాడు. నెమ్మదస్తుడు. అతనికి ఎముకల బాధకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. అతని భార్య సత్యవేణి గోదావరి అవతలి ఒడ్డున ఆసుపత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అక్కడ, ఇతను ఇక్కడ. వారమంతా మెస్సులో నీళ్లచారు తాగడం, శనివారం సాయంత్రం బస్సెక్కి వంతెన దాటడం, ఆదివారం సాయంత్రం మొహం వేలాడేసుకుని తిరిగి రావడం. ఇదీ అతని సంసారం.

శనివారం బస్సు దిగేసరికి సత్యవేణి తన స్కూటరు తీసుకుని వచ్చి ఉండేది. అతను వెనక కూర్చోగానే వెనక చక్రం కాస్త అణిగేది.

"వెనకాల గాలి తక్కువుందే," అనేవాడు రాఘవులు.

"తక్కువేం కాదు. ఒక్కదానికి సరిపోయే గాలి అది. వారానికోపూట వచ్చే మనిషి కోసం రోజూ ఇద్దరి గాలి మోసుకు తిరగమంటారా ఏంటి?" అనేది ఆవిడ వెనక్కి తిరక్కుండానే. నవ్వుతూనే అనేది. కాని ఆ మాట అతనికి వంతెన దాటి వెనక్కొచ్చేదాకా లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

అలాంటి రాఘవులుకి ఆ ఏడాది బదిలీ వచ్చింది. అవతలి ఒడ్డు సెక్షనుకే. ఆర్డరు చేతికందగానే మెస్సువాళ్లకు చెప్పేశాడు, మంచం పోలయ్యకు ఇచ్చేశాడు, సత్యవేణికి ఫోను చేసి చెబుతూ మధ్యలో మాట రాక ఆగిపోయాడు. ఇంకేముంది, బండి అప్పగించి రిలీవు కావడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు ఆడిటు వచ్చింది.

ఆడిటరు గారు వయసులో కుర్రవాడే కాని చూపు మాత్రం ముసలిది. ఆయన రాఘవులు బండి దగ్గర ఆగి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, టైరు గాడుల్లో దోపి లోతు చూశారు. మధ్యలో గాడులే లేవు, నున్నగా అరిగిపోయి ఉంది. పక్కలకు వెళ్లి చూస్తే, కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడనే లేదు.

అరగక ఏం చేస్తుంది? గాలి ఎక్కువైతే టైరు మధ్యలో పొంగి, నేలకు ఆ మధ్య భాగమే తగులుతుంది. ఆపైన కాలువ గట్టు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. మలుపన్నది లేని దారిలో పక్కలు అరగమంటే ఎలా అరుగుతాయి?

ఆడిటరు గారు ఆ గొడవలోకి పోలేదు. "ప్రభుత్వం టైరు మొత్తం వెడల్పుకి ధర చెల్లించింది. తాము మధ్య భాగం మాత్రమే వినియోగించి, ఉభయ పార్శ్వాలనూ నిరుపయోగంగా ఉంచారు. ఇది ప్రజాధనం నిద్రపోతున్నట్టు," అన్నారు. అని ఊరుకోలేదు. వాడని భాగాన్ని పూర్తిగా వినియోగంలోకి తెచ్చేంతవరకూ ఏ ఒక్కరినీ వాహన బాధ్యతనుంచి తప్పించరాదని రాసి, సంతకం పెట్టి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు.

అంటే రాఘవులు టైరు పక్కలు అరిగితేగాని ఏరు దాటడు.

ముక్తేశ్వర ప్రసాదు గారు వెంటనే సమావేశం పిలిచారు. రాఘవులు ఎన్నడూ లేనిది చెయ్యి ఎత్తాడు.

"సార్, గాలి కొంచెం తగ్గిస్తే సరిపోద్దండి. టైరు మొత్తం నేలకి ఆనుద్ది, అన్ని పక్కలా అదే అరుగుద్దండి."

పంచాయితీలో కూర్చుని తిట్టుమాట అన్నట్టు అందరూ అతనికేసి చూశారు.

"తగ్గించడమా?" అన్నారు అధికారి గారు. "ఒకసారి టైరుకి మంజూరు చేసిన గాలిని వెనక్కి తీసుకోవడమా? తీసిన గాలి ఎక్కడికి పోతుంది? దానికి జవాబుదారీ ఎవరు? హైమవతి గారూ, నిబంధనలు ఏమంటున్నాయి?"

"ఇచ్చిన గాలిని వాపసు తీసుకునే ప్రక్రియ ఎక్కడా లేదు సార్," అన్నారు హైమవతి గారు. లేని ప్రక్రియను తన సర్వీసులో ఎన్నడూ కనిపెట్టిన మనిషి కాదావిడ. "ఆపైన సంపూర్ణ వాయు విధానాన్ని హెడ్డాఫీసు వారు అభినందించి ఉన్నారు. అభినందించిన దాన్ని సవరిస్తే, ముందు చేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది."

"పోనీ, ఆకురాయి పెట్టి పక్కలు అరగదీసేత్తే పోలా?" అన్నాడు పోలయ్య.

"అరగదీయడం వేరు, అరగడం వేరు. టైరు విధి నిర్వహణలో అరగాలి," అన్నారు హైమవతి గారు.

మూడో కప్పు టీ దగ్గర ముక్తేశ్వర ప్రసాదు గారికి మార్గం తట్టింది. దానికి 'ఉభయ పార్శ్వ వినియోగ ఉద్యమం' అని అక్కడికక్కడే నామకరణం చేశారు. ఇకనుంచీ గస్తీదార్లు బండిని నిటారుగా నడపరాదు. ఒకరోజు ఎడమకు వాల్చి, ఒకరోజు కుడికి వాల్చి నడపాలి. ఆదివారం టైరుకి విశ్రాంతి.

మోటారు సైకిలు అన్నది మలుపులోనే వాలుతుంది. తిన్నగా పోతూ వాల్చితే అది కూడా మలుపే అనుకుని తిరుగుతుంది. గట్టుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేలు. మొదటి రోజు ఎడమకు వాల్చిన పోలయ్య బండితో సహా కాలువలోకి వెళ్లాడు. అక్కడ బట్టలుతుకుతున్న ఆడవాళ్లు అతన్ని, అతని జేబులోని పళ్లను, ఆ తరవాత బండిని, ఆ వరసలోనే బయటకు లాగారు. మర్నాడు కుడికి వాల్చాడు. ఈసారి చేలో పడ్డాడు. పడిపోతానని తెలిసీ పైవాళ్లు చెప్పారు కదాని వాల్చిన మనిషి అతను.

"ఈ కాలవ గట్టు మన ఉద్యమానికి సహకరించడం లేదు," అని తేల్చారు ముక్తేశ్వర ప్రసాదు గారు. "వేదిక మార్చాలి."

కాలువ పక్కనే మార్కెట్ యార్డు ఉంది. ధాన్యం ఆరబోసుకోవడానికి వేసిన పెద్ద సిమెంటు గచ్చు, కోతలు లేనప్పుడు ఖాళీగా పడి ఉంటుంది. గస్తీదార్లందరూ గట్టు మానేసి ఆ గచ్చు మీద గుండ్రంగా తిరగాలని ఆర్డరు వచ్చింది. గుండ్రంగా తిరిగితే బండి దానంతట అదే వాలుతుంది, పక్కలు అరుగుతాయి. పని జరుగుతోందో లేదో చూడటానికి అధికారి గారు స్వయంగా వచ్చి నట్టనడుమ కుర్చీ వేయించుకుని, పైన గొడుగు పెట్టించుకుని కూర్చున్నారు. రికార్డుల్లో దీన్ని 'వృత్తాకార గస్తీ' అన్నారు.

బండ్లు ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఎవరూ చెప్పకపోయినా అందరూ ప్రదక్షిణంగానే తిరిగారు. నడుమన ఉన్నదాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం పుట్టినప్పటినుంచీ అలవాటు మరి. టైర్లకు కుడి పక్క అరగడం మొదలైంది. గేదెలను తోలుకుపోయేవాళ్లు ఆగి చూసి, ఈ ఆఫీసరుకి ఏ గండం ఉందోనని జాలిపడ్డారు. ఒక ముసలమ్మ అయితే దూరంనుంచే దణ్ణం పెట్టుకుని వెళ్లింది.

కొన్నాళ్లకు కుడి పక్క చక్కగా అరిగింది. రాఘవులు రోజూ సాయంత్రం బండి పడుకోబెట్టినట్టు వంచి, టైరును తడిమి చూసుకునేవాడు. ఇక ఎడమ పక్క మిగిలింది.

"సార్, రేపట్నుంచి రెండో వైపు తిరుగుతామండి," అన్నాడు ఉత్సాహంగా.

ముక్తేశ్వర ప్రసాదు గారు ఒక్కసారిగా కుర్చీలో ముందుకు వంగారు. "రెండో వైపంటే?"

"అదేనండి, ఎడం వైపు. అటునుంచి ఇటు."

"నా చుట్టూ అప్రదక్షిణం తిరుగుతావా?" ఆయన మొహంలో రంగు మారింది. "నేనింకా బతికే ఉన్నానయ్యా! శవం చుట్టూ తిరిగినట్టు తిరుగుతారా? మా ఆవిడకి తెలిస్తే..."

"పోనీ మీరు కొంచెం పక్కకి కూర్చోండి సార్. నీడలో."

"పర్యవేక్షణాధికారి కేంద్రస్థానంలో ఉండాలని సర్క్యులరు. ఆ సర్క్యులరు నేనే ఇచ్చాను. కాబట్టి మార్చడానికి నాకు అధికారం లేదు."

అందులో తర్కం ఏమిటో రాఘవులుకి అర్థం కాలేదుగాని, ఎడమ పక్క అరగదని మాత్రం అర్థమైంది. మధ్య భాగం బోడిగా, కుడి పక్క సగం అరిగి, ఎడమ పక్క రబ్బరు వెంట్రుకలతో నిగనిగలాడుతూ టైరు అలాగే ఉండిపోయింది. తనూ ఇవతలి ఒడ్డునే ఉండిపోయాడు.

టైరు విప్పి తిరగేసి బిగిస్తే కుడి ఎడమవుతుంది కదా అని ఇంకో ఉపాయం చెప్పాడు. హైమవతి గారు టైరు మీది బాణం గుర్తు చూపించారు. "ఇది ఏ దిక్కుకు తిరగాలో రాసి ఉంది. తిరగేస్తే బాణం వెనక్కి చూపిస్తుంది. శాఖ వెనక్కి పోతున్నట్టుంటుంది, బాగుండదు రాఘవులు గారూ."

ఆ శనివారం అతను సత్యవేణి స్కూటరు ఎక్కాడు. వెనక చక్రం అణిగింది. అతను గాలి మాట ఎత్తలేదు.

"ఏవంటారు మీ వాళ్లు?" అంది ఆవిడే.

"ఎడం పక్క అరగాలంట."

"అరిగితే వదుల్తారా?"

"వదుల్తారు."

"మరి అరగదీయరే? పెళ్లప్పుడు నా ఏలు పట్టుకుని హోమం చుట్టూ తిరిగినప్పుడు మీరు తడబడి ఎడం వైపే తిరగబోయారు. పంతులు గారు పట్టుకుని లాగారు. ఆ మాత్రం ఇప్పుడు చెయ్యలేరా?" అంది. అని పకపకా నవ్వింది. రాఘవులుకి నవ్వు రాలేదు. ఆమె నవ్వు చివర సన్నగా ఒక జీర వినిపించింది.

గట్ల మీద గస్తీ ఆగి చాలా కాలమైంది. ఎక్కడో పీత తవ్విన బొరియలోంచి ఊట మొదలై, చూసే దిక్కు లేక, ఊట కాస్తా ధారై, ధార గండి అయింది. ఒకరోజు మధ్యాహ్నం బండ్లు తిరుగుతూ ఉండగానే మార్కెట్ యార్డులోకి నీళ్లు మెల్లగా నడిచి వచ్చాయి. గస్తీవాళ్లు కాలువ దగ్గరికి పోవడం మానేశారని కాలువే గస్తీవాళ్ల దగ్గరికి వచ్చింది.

"ఈ నీరు ఎవరి అనుమతితో వచ్చింది?" అన్నారు ముక్తేశ్వర ప్రసాదు గారు, కాళ్లు పైకెత్తుకుంటూ.

అందరూ బండ్లు పడేసి ఇసక బస్తాలతో పరిగెత్తారు. ఎన్నాళ్ల తరవాతో అసలు పని చేస్తున్నందుకు వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. సాయంత్రానికల్లా గండి పూడ్చేశారు. సంజాయిషీ ఇచ్చుకోవడానికి అధికారి గారిని హెడ్డాఫీసు పిలిచింది. ఆయన నోట్ రాసుకుని మరీ వెళ్లారు. 'ఉద్యమ వేదిక వద్దకు కాలువ స్వయంగా చేరుకున్నందున గస్తీకి ఎట్టి అంతరాయమూ కలగలేదు' అని.

ఇంకేం, నట్టనడుమ కుర్చీ ఖాళీ.

అయినా మిగతావాళ్లు ఒప్పుకోలేదు. "కుర్చీ మీద ఆయన తువ్వాలు ఉందయ్యా. తువ్వాలున్నా ఆయన ఉన్నట్టే కదేటి," అన్నాడు పోలయ్య.

రాఘవులు తిన్నగా వెళ్లి కుర్చీ ఎత్తి, తువ్వాలు జారకుండా తీసుకెళ్లి గోడ పక్కన నీడలో పెట్టాడు. వచ్చి బండెక్కాడు. హ్యాండిలు ఎడమకు తిప్పాడు. ఒక చుట్టు తిరిగేసరికి పైనుంచి పిడుగేమీ పడలేదు. ఇక ఆగలేదు. పొద్దున మొదలుపెడితే పొద్దువాలేదాకా తిరిగాడు. ఆ మర్నాడూ తిరిగాడు, ఆ పైరోజూ తిరిగాడు. తిరిగి తిరిగి, బండి దిగి నడిచినా ఎడమకే పోయేవాడు. మెస్సులో చారు గిన్నె ఎదురుగా ఉంటే పక్కవాడి విస్తట్లో గరిటె పెట్టేవాడు.

ముక్తేశ్వర ప్రసాదు గారు శాలువా కప్పుకుని తిరిగి వచ్చారు. హెడ్డాఫీసువాళ్లు నోట్ చివరిదాకా చదవలేదు, ఉద్యమం పేరు నచ్చి సన్మానం చేసి పంపారు. ఆయన వచ్చేసరికి రాఘవులు టైరు మధ్య, కుడి, ఎడమ అన్న తేడా లేకుండా నున్నగా, పొట్లకాయలాగ అయిపోయి ఉంది.

హైమవతి గారు బండి చుట్టూ తిరిగి చూశారు. ప్రదక్షిణంగానే. "వినియోగం సంపూర్ణం," అన్నారు. రాఘవులు అప్పుడే తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"అయితే," అన్నారు హైమవతి గారు.

ఆ మాట విన్న తరవాత ఆ ఆఫీసులో ఎవరికీ మంచి జరిగిన దాఖలా లేదు.

"అయితే, ఈ టైరు పూర్తిగా అరిగిపోయింది. అరిగిన టైరుతో బండిని అప్పగించుకోకూడదు, ప్రమాదం. కొత్త టైరు వేయించి అప్పగించాలి."

"వేయించేద్దాం మేడమ్!"

వేయించారు. కొత్త టైరు నల్లగా మెరిసిపోతోంది. దాని ఒళ్లంతా సన్నటి రబ్బరు వెంట్రుకలు. హైమవతి గారు వాటిని వేలితో మీటి చూసి నిట్టూర్చారు.

"వాడని భాగం ఉండగా ఎవరినీ రిలీవు చేయకూడదని ఆడిటు అభ్యంతరం ఉంది కదా రాఘవులు గారూ. ఈ టైరులో వాడని భాగం..." ఆవిడ కాస్త ఆలోచించారు. "అంతా వాడనిదే. పైగా గాలి కూడా తక్కువుంది. టైరు బిగించినవాడు వాడికి తెలిసినంతే పట్టాడు. రేపు పొద్దున నేను గేజి పెట్టేలోగా నలభై ఒకటి పట్టించుకుని రండి."

ఆ సాయంత్రం రాఘవులు బంకుకి బయలుదేరాడు. కోపం కూడా రానంత నీరసంగా ఉంది. సత్యవేణికి ఏమని చెప్పాలో తెలియలేదు. మళ్లీ మొదటినుంచీ అని చెప్పాలా?

గాలి మిషను దగ్గర అతనికంటే ముందు ఒకాయన సొంత మోటారు సైకిలు నిలబెట్టుకుని ఉన్నాడు. తలకు హెల్మెట్టు, ఒంటిమీద లుంగీ. బండి పాతదేగాని ముచ్చటగా ఉంది. టైర్లు ఈ అంచునుంచి ఆ అంచుకు ఒకే తీరుగా అరిగాయి. చైను కవరు మీద పసుపుపచ్చ చీటీ చెక్కు చెదరకుండా ఉంది. వానకు తడవకుండా దానిమీద ప్లాస్టిక్ కాగితం కూడా అంటించి ఉంది.

"ముందు పాతిక, వెనక ఇరవై తొమ్మిది. నేనొక్కణ్ణే," అంటున్నాడాయన గాలి పట్టేవాడితో. "ఒక్క పాయింటు ఎక్కువ పట్టావంటే ఊరుకోను. గాలి ఎక్కువైతే నడిమధ్య అరిగి టైరు నాశనమైపోద్ది. తెలుసా నీకు?"

ఆ గొంతు రాఘవులుకి బాగా తెలుసు. దాని చుట్టూ ఎన్నో రోజులు తిరిగాడు.

"నమస్కారం సార్," అన్నాడు.

ముక్తేశ్వర ప్రసాదు గారు వెనక్కి తిరిగారు. ఉలికిపడతారేమో అనుకున్నాడు రాఘవులు. అదేం లేదు. "ఏమయ్యా, ఫుల్లు పట్టించుకోడానికొచ్చావా? శభాష్," అన్నారు చల్లగా.

"మీ టైర్లు బాగా అరిగాయండి. ఎక్కడా తేడా లేదు."

"చూసుకోవాలయ్యా మరి. ఇది నా సొంత బండి."

"మరి ఇదండీ?" తన బండి చూపించాడు రాఘవులు.

"అది శాఖది. దాని సంగతి శాఖ చూసుకుంటుంది."

ఆయన ఎగతాళికి అనలేదు, దాచుకుంటూ అనలేదు. తెల్లారితే పొద్దు పొడుస్తుందన్నంత మామూలుగా అన్నారు. రాఘవులుకి అప్పుడొచ్చింది కోపం. ఇన్నాళ్లుగా రావలసినదంతా ఒక్కసారే వచ్చింది. ఈ మనిషికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే తనను గానుగెద్దులా తిప్పాడు. మెస్సు చారు, ఆదివారం సాయంత్రాల బస్సు, సత్యవేణి నవ్వు చివరి జీర, అన్నీ కళ్లముందు తిరిగాయి.

బండికి స్టాండు వేశాడు. తాళంచెవి తీశాడు. అధికారి గారి అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టి వేళ్లు ముడిచాడు.

"అయితే చూసుకోమనండి సార్, శాఖని."

"ఏంటయ్యా ఇది! అప్పగింత ఇలాగేనా? ఇక్కడా? విధుల ఉల్లంఘన కింద రాస్తాను నీ మీద!"

"రాయండి సార్. ఎక్కడ అప్పగించానో అది కూడా రాయండి. అప్పుడు మీరేం చేస్తున్నారో అదీ రాయండి. అంకెలతో సహా."

ముక్తేశ్వర ప్రసాదు గారు చేతిలోని తాళంచెవికేసి, గాలి మిషను మీది అంకెకేసి చూశారు. ఆయన సర్వీసులో ఎన్నో రాశారుగాని, తను చేసిన పనిని ఉన్నదున్నట్టు రాయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"వెనక ఇరవై తొమ్మిదే కదండీ?" అన్నాడు గాలి పట్టేవాడు. మిషను కుయ్యిమంది.

రాఘవులు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బస్టాండు ఎదురుగానే ఉన్నా మొదట ఎడమకు పోయి, సర్దుకుని వెళ్లాడు. ఒక మనిషి రెండు బండ్లు నడపలేడు కాబట్టి, అధికారి గారు ఒకదాన్ని నడుపుకుంటూ ఇంటికెళ్లి, మళ్లీ నడిచొచ్చి రెండోదాన్ని తీసుకెళ్లారని తరవాత పోలయ్య చెప్పాడు. ముందు ఏది తీసుకెళ్లారో చెప్పనక్కర్లేదు.

మూడో రోజుకి రిలీవింగ్ ఆర్డరు అవతలి ఒడ్డుకి చేరింది. అందులో 'వాహనము తగిన స్థలమున, తగిన అధికారికి అప్పగించబడినది' అని ఉంది. ఏ స్థలమో రాయలేదు. హైమవతి గారు కూడా అడగలేదట. ఆ బండిని ఇప్పుడు మార్కెట్ యార్డులో నట్టనడుమ నిలబెట్టి, ఉద్యమానికి గుర్తుగా దాని చుట్టూ తిరుగుతున్నారు. ప్రదక్షిణంగానే.

కొత్త సెక్షనులో చేరిన రోజు సాయంత్రం సత్యవేణి స్కూటరు మీద వచ్చి గేటు దగ్గర ఆగింది. రాఘవులు వెనక కూర్చున్నాడు. చక్రం అణిగింది. అలవాటుకొద్దీ ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఆవిడ ఇంటివైపు తిప్పకుండా స్కూటరును తిన్నగా పెట్రోలు బంకుకి పోనిచ్చింది. గాలి పట్టేవాడు ఆవిణ్ణి ఎరిగినవాడే. పైపు పట్టుకుని వెనక చక్రం దగ్గర కూర్చుంటూ, "ఎప్పట్లాగేనా అమ్మా?" అన్నాడు.

"కాదు," అంది సత్యవేణి. "ఇవాళ్టినుంచీ ఇద్దరం."